పానకాలు గారి ఐదు-తొమ్మిది

మా గుంటూరు, ప్రకాశం వైపు హామ్ రేడియో వాళ్ళు, అంటే లైసెన్సు తీసుకుని ఇళ్ళ నుంచే సెట్ల మీద మాట్లాడుకునేవాళ్ళు, అందరూ మహా మర్యాదస్తులు. రోజూ పొద్దున్నే ఒకే ఫ్రీక్వెన్సీ మీద చేరి, వరసగా ఒకరికొకరు ఒకే అబద్ధం చెప్పుకుంటారు. "ఐదు-తొమ్మిది సార్" అని.

ఆ అంకెల సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. రేడియోలో అవతలివాడి మాట మనకి ఎలా అందుతోందో చెప్పడానికి రెండు అంకెలు వాడతాం. మొదటిది మాట ఎంత స్పష్టంగా ఉందో చెబుతుంది, ఐదు దాటదు. రెండోది ఎంత గట్టిగా ఉందో చెబుతుంది, తొమ్మిది దాటదు. ఐదు-తొమ్మిది అంటే పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉందని అర్థం. సెట్టులో లోపం ఉంటే దాని యజమానికి తెలియాలని ఈ పద్ధతి పెట్టారు. మావాళ్ళు మాత్రం ఆ అంకెల్ని మనిషి వయసునీ హోదానీ బట్టి, పోయినసారి ఆయన ఇంట్లో తిన్న పెసరట్టుని బట్టి ఇస్తారు. చచ్చిన సెట్టు ముందు కూర్చున్నా సరే, పెద్దాయన అయితే ఐదు-తొమ్మిదే.

నా పేరు జయకుమారి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఒంగోల్లో ఉంటాను. ట్రాన్సిస్టర్లు రాకముందు, గాజు ట్యూబుల కాలం నాటి పాత సెట్లు బాగుచేయడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాళ్ళు లేరు. ఈ మాట ఇంకొకరు చెబితే బాగుండేది గానీ, చెప్పేవాళ్ళు లేక నేనే చెబుతున్నాను. నా నోరు మంచిది కాదని క్లబ్బులో అందరూ అంటారు. నా చెవులు మంచివని మాత్రం ఒక్కరూ అనరు.

చీరాలలో పానకాలు గారని చేనేత చీరల షావుకారు ఉన్నారు. వాళ్ళది అసలు మంగళగిరి. ఎనభై ఏళ్ళకి దగ్గర పడ్డారు. మా అందరికంటే ముందు లైసెన్సు తీసుకున్న మనిషి. కొట్టు మేడ మీద ఆయన సెట్టు ఉంటుంది. జపాన్‌లో తయారైన పాతకాలపు సెట్టు, చివర్లో శక్తినిచ్చే రెండు పెద్ద ట్యూబులతో, ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకప్పుడు ఆ సెట్టు మాట కొలంబోలో కూడా ఖణేల్మని వినపడేది. రెండేళ్ళుగా దాని పరిస్థితి ఏమిటంటే, నీళ్ళలో మునిగిన గేదె ఊపిరి వదిలినట్టు ఓ గుర్రు, ఆ గుర్రు వెనకాల ఎక్కడో పానకాలు గారు. ఫ్రీక్వెన్సీ కూడా ఒకచోట నిలవదు. ఆయన "నమస్కారం" అని మొదలుపెట్టి "ఉంటాను" అనేలోపు దాన్ని వెతుక్కుంటూ డయల్ తిప్పుతూనే ఉండాలి. అయినా రోజూ అందరూ ఐదు-తొమ్మిదే.

ఒకరోజు నాకు ఒళ్ళు మండి, నా వంతు రాగానే చెప్పేశాను. "పానకాలు గారూ, మూడు-మూడు. గుర్రు ఉంది, ఫ్రీక్వెన్సీ జారుతోంది, సగం మాటలు అందలేదు." తర్వాత గుంటూరు నుంచి మా సెక్రటరీ వేణుగోపాల్ ఫోన్ చేశాడు. మైకు కనబడితే చాలు, పెళ్ళిలో అయినా తద్దినంలో అయినా లేచి నిలబడే మనిషి అతను. "ఏంటి మేడమ్, అంత పెద్దాయనని పట్టుకుని అట్లా అంటారా? బాగుండదండి" అన్నాడు. "నీకు సరిగ్గా వినపడిందా?" అని అడిగాను. "వినపడ్డం సంగతి కాదు మేడమ్, పెద్దరికం అని ఒకటుంటుంది" అన్నాడు. పానకాలు గారు కూడా అలిగారు. చాలా రోజులు నా పేరు పిలవలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకున్నాను.

కార్తీకంలో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందని వార్త వచ్చింది. ఆ రోజే ఆయన ఫోన్ చేశారు.

"మేడమ్ గారూ, పానకాలుని. మీరు ఆ రోజు మూడు-మూడు అన్నారు గందా. అది కోపంతో అన్నారా, విని అన్నారా?"

"విని అన్నాను. కోపంతో అయితే ఒకటి-ఒకటి అనేదాన్ని."

ఆయన అసలు విషయానికొచ్చారు. "ఒకసారి చీరాల రండి. తుఫాను వస్తే ఈ ఊరి నుంచి కబుర్లు పంపే పని మళ్ళీ నాకే ఇచ్చారు మన క్లబ్బువాళ్ళు. మస్తాన్‌బీ కూతురు మళ్ళీ నెలలు నిండి ఉంది. ఈసారి పొరపాటు జరగకూడదు."

మస్తాన్‌బీ ఆయన కొట్లో చీరలు మడతపెట్టే మనిషి. పోయిన తుఫానుకి ఆమె ఇంట్లో ఏం జరిగిందో మా అందరికీ తెలుసు. కూతురు సిద్దికా తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. గాలివానకి కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, వీధిలోకి నీళ్ళొచ్చాయి. సరిగ్గా అప్పుడే సిద్దికాకి నొప్పులు మొదలయ్యాయి. మస్తాన్‌బీ మోకాలి లోతు నీళ్ళలో పడి కొట్టు దగ్గరికి వస్తే, పానకాలు గారు బ్యాటరీల మీద సెట్టు పెట్టి గుంటూరులో ఉన్న వేణుగోపాల్‌కి కబురు చెప్పారు. అంబులెన్సు పంపమని, ఫలానా వీధి అని. అటునుంచి "అందింది సార్, ఐదు-తొమ్మిది" అని జవాబు. ఆయన మస్తాన్‌బీతో "బండి వస్తోంది. పిల్లని నీళ్ళలో ఎక్కడికీ తిప్పొద్దు, ఇంటి దగ్గరే ఉంచు" అన్నారు. వాళ్ళు ఆ మాట నమ్మి ఎదురుచూశారు. బండి రాలేదు. ఆఖరికి ఎవరిదో ట్రాక్టరు మీద తీసుకెళ్ళారు. సిద్దికా బతికింది, బిడ్డ దక్కలేదు. కబురు అందినా గవర్నమెంటు కదలలేదని పానకాలు గారు కనపడ్డ విలేకరికల్లా చెప్పారు, మస్తాన్‌బీతోనూ చెప్పించారు. నేనప్పుడు హైదరాబాదులో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. సంగతి విని నేనూ గవర్నమెంటునే తిట్టాను. తిట్టడానికి అదైతే సులువు.

సామాను సంచీ వేసుకుని చీరాల వెళ్ళాను. మస్తాన్‌బీ టీ తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మగారూ, ఈసారి గట్టిగా చెయ్యండి. పోయినసారి షావుకారు గారు మొత్తుకుని చెప్పినా ఆ మారాజులు కదల్లేదు. ఈసారి కదలాల" అంది. సెట్టు గట్టిగా పలికితే గవర్నమెంటు లేస్తుందని ఆమె నమ్మకం. అలాగేనన్నాను.

ట్యూబు సెట్టు తెరిచేముందు ప్లగ్గు పీకి కాసేపు ఆగాలి. లోపల ఎనిమిది వందల వోల్టులు దాక్కుని ఉంటాయి, ప్లగ్గు పీకినా వెంటనే పోవు. అవి దిగిపోవడానికి పొడవు స్క్రూడ్రైవరుకి వైరు కట్టి, ట్యూబుల నెత్తిన ఉన్న టోపీని రేకుకి కలిపాను. చిటుక్కుమంది. పానకాలు గారు రెండడుగులు వెనక్కి వేశారు. రేకు మూత పూర్తిగా తీసి చూసేసరికి నాకు నోట మాట రాలేదు. నా విషయంలో అది చిన్న సంగతి కాదు.

లోపలంతా పసుపు, కుంకుమ. ట్రాన్స్‌ఫార్మరుకి బొట్టు, రిలేకి బొట్టు, ప్రతి ట్యూబు పాదం దగ్గరా బొట్టు. ఫ్రీక్వెన్సీ మార్చే కండెన్సరు ఒకటుంటుంది. విసనకర్ర మడతల్లాంటి పల్చటి రేకులు, వాటి మధ్య వెంట్రుకంత సందు. ఆ సందుల నిండా ఎండిపోయిన గంధం.

"ఏంటండీ ఇది?"

"దసరా పూజండీ. ఏటా చేస్తాం."

"పూజ పైన చేసుకోవచ్చుగా! లోపలెందుకు?"

"దేవుడు పై రేకులో ఉంటాడా మేడమ్ గారూ? పనిచేసేది లోపల గందా" అన్నారు, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. "ఆ మడతల రేకులే దీనికి ప్రాణమని ఎవరో మెకానిక్ చెప్పాడు. అందుకని దానికి ప్రత్యేకంగా గంధం పెట్టిస్తున్నా."

"ప్రాణమని చెప్పింది నిజమే. మీరు ఏటా దాని గొంతులో గంధం పోస్తున్నారు. ఫ్రీక్వెన్సీ జారక ఏం చేస్తుంది?"

ఆయన చిన్నబుచ్చుకున్నారు. నేను లెక్కచేయలేదు. భక్తి ఎక్కువైనచోట బుద్ధి పక్కకి తప్పుకుంటుందని నాకు ముందునుంచీ తెలుసు. స్పిరిట్టులో ముంచిన మెత్తటి కుంచెతో ఆ గంధమంతా కడిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన అక్కడే కూర్చుని, కడిగిన ప్రతి బొట్టుకీ లోపల ఏదో అనుకుంటూ దణ్ణం పెట్టుకున్నారు.

తర్వాత ట్యూబులు. రెండూ కొత్తవే, నిరుడు వేయించారట. అంతకు ముందటేడూ వేయించారట. "ట్యూబులు ఇప్పుడు నాసిరకం వస్తున్నాయని మెకానిక్ చెప్పాడు" అన్నారు. ఈ మెకానిక్ ఎవరో నాకు కనపడలేదు గానీ, కనపడి ఉంటే ఇంకో కథ రాయాల్సి వచ్చేది. ట్యూబు ఎందుకు చచ్చిందో చూడకుండా ఇంకో ట్యూబు పెట్టేవాడు మెకానిక్ కాదు, కాటికాపరి. మీటరు పెట్టి చూశాను. ట్యూబుని అదుపులో పెట్టే గ్రిడ్ దగ్గర మైనస్ వోల్టులుండాలి. సెట్టు వేసినప్పుడు బాగానే ఉంది. వేడెక్కేకొద్దీ ముల్లు మెల్లగా ప్లస్ వైపు జరిగింది. అక్కడ శనగగింజంత కండెన్సరు ఒకటి, ముందున్న ట్యూబు వోల్టేజిని ఇటు రానివ్వకుండా ఆపడమే దాని పని. ముసలిదైపోయి కారుతోంది. అదుపు తప్పిన ట్యూబులు ఎర్రగా కాలి చస్తున్నాయి. దాన్ని పీకి కొత్తది వేశాను. పవర్ సప్లైలో ఎండిపోయిన పెద్ద కండెన్సర్లు కూడా మార్చాను, గుర్రు వాటిది. పానకాలు గారు బీరువాలో చీరల మధ్య దాచిన కొత్త ట్యూబుల జత తెచ్చి ఇచ్చారు.

మర్నాడు పొద్దున మిగిలిన పని పూర్తిచేశాను. సెట్టుని సరిచూసేటప్పుడు ఏరియల్ కలపకూడదు, గాలిలో అందరి నెత్తినా రొద పోసినట్టవుతుంది. ఏరియల్ బదులు పాతకాలపు వంద వాట్ల బల్బు పెట్టి పరీక్షించడం మా పాత పద్ధతి. సెట్టు శక్తంతా ఆ బల్బులోకే పోతుంది, బయటికి మాట పోదు. మేడ మీది ఏరియల్ వైరుని నా చిన్న రిసీవరుకి తగిలించి పక్కన పెట్టుకున్నాను. పానకాలు గారు మైకు పట్టుకుని "హలో" అన్నారు. బల్బు భగ్గున వెలిగింది. మాట ఆపితే ఆరిపోయింది. ఆయన చిన్నపిల్లాడిలా ఇంకో నాలుగు హలోలు అన్నారు.

"ఇక పర్వాలేదండీ. ఇప్పుడు మీది నిజంగానే ఐదు-తొమ్మిది" అన్నాను.

ఆయన ముఖంలో సంతోషం కనపడలేదు. "మీరంటున్నారు సరే. వాళ్ళు నిన్నటిదాకా ఐదు-తొమ్మిదే అన్నారు, ఇవాళా ఐదు-తొమ్మిదే అంటారు. రేపు తుఫానులో నా మాట వినాల్సింది వాళ్ళు గదా మేడమ్ గారూ! నా కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు చీర బాగుందని నేనంటే నమ్మరు. వెలుగులోకి తీసుకుపోయి తిరగేసి చూస్తారు. వీళ్ళనీ ఓసారి తిరగేసి చూద్దాం. ఆ బల్బు తీయకండి."

నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. పొద్దుటి సభకి వేళయింది. మస్తాన్‌బీ టీ గ్లాసులు పట్టుకుని వచ్చి, బల్బు వెలగడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. రిసీవరులో వేణుగోపాల్ గొంతు విప్పాడు. అల్పపీడనం గురించి, క్లబ్బు సేవల గురించి, తన గురించి ఓ ఉపన్యాసమిచ్చి, "ముందుగా మన భీష్మాచార్యులు పానకాలు గారు. సెట్టు కొత్తగా బాగుచేయించారట. మాట్లాడండి సార్" అన్నాడు.

పానకాలు గారు మైకు నొక్కి, బల్బు వైపు చూస్తూ తాపీగా చెప్పారు. "వేణుగోపాల్ గారూ, నమస్కారం. నేను ఏరియల్ పీకేసి బల్బుతో మాట్లాడుతున్నాను. ఈ మాట మీకు వినపడే దారి లేదు. వినపడి ఉంటే చెప్పండి, మీ ఆవిడకి మంచి పట్టుచీర పంపిస్తాను. ఓవర్."

బల్బు ఆరింది. రిసీవరులో కాసేపు ఉత్త గరగర. తర్వాత వేణుగోపాల్.

"అద్భుతం సార్! ఐదు-తొమ్మిది! గొంతు ముందుకంటే గంభీరంగా వస్తోంది. మీరన్న ప్రతి మాటా అక్షరసత్యం."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత తాడేపల్లి నుంచి నాగచైతన్య. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఖరీదైన సెట్టు కొన్నాడు, ఇంతవరకూ సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న పాపాన పోలేదు. "క్రిస్టల్ క్లియర్ అంకుల్. ఐదు-తొమ్మిది ప్లస్. ఆడియో వేరే లెవెల్!" ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే రకం. ఆ తర్వాత పర్చూరు నుంచి పొగాకు వ్యాపారం చేసే షబ్బీర్. వాళ్ళందరిలో కాస్త చెవులున్నవాడు అతనే, వెన్నెముక మాత్రం దేవుడు ఇవ్వలేదు. "అన్నా... ఈపూట మా ఏరియల్ ఏదో తేడాగా ఉన్నట్టుంది. అందరికీ బాగా వచ్చిందంటే వచ్చినట్టే. నాది కూడా ఐదు-తొమ్మిదే అనుకోండి."

ఇక ఆపుకోలేక పెద్దగా నవ్వేశాను. అంత మంది మగవాళ్ళు ఒక్క బల్బు చేతిలో దొరికిపోవడం నా జన్మలో చూడలేదు.

"బల్బుతో మాట్లాడితే వాళ్ళకెట్టా వినపడిందమ్మా?" అంది గుమ్మంలోంచి మస్తాన్‌బీ.

"వినపడలేదు."

"మరి విన్నామంటన్నారే?"

"అట్లా అనడం వాళ్ళకి మర్యాద" అన్నాను, ఇంకా నవ్వుతూనే.

ఆమె నవ్వలేదు. గ్లాసుల పళ్ళెం మెల్లగా కింద పెట్టింది. "పోయినసారి మా పిల్ల సంగతి చెప్పినప్పుడు కూడా ఆయనే గదా విన్నానంది? ఈ గొంతే గదా?"

నా నవ్వు చచ్చిపోయింది. నిజం చెప్పాలంటే భయం వేసింది. పానకాలు గారు మైకు పట్టుకున్న చెయ్యి ఒళ్ళో పడిపోయింది. ఆయన ఆమెని చూడలేకపోయారు. లేచి, తనే బల్బు పీకి, నా రిసీవరుకున్న ఏరియల్ వైరు తీసి సెట్టుకి తగిలించారు. నేను సాయం చేయబోతే వద్దన్నారు.

"వేణుగోపాల్ గారూ. ఇప్పుడు ఏరియల్ పెట్టి మాట్లాడుతున్నాను. ఇందాక నేనేం చెప్పాను?"

ముందు షబ్బీర్ గొంతు వచ్చింది. "అన్నా! ఇప్పుడు మోగిపోతోందన్నా! ఇందాక నాకేమీ రాలేదు, నిజం చెబుతున్నా, ఒక్క ముక్క రాలేదు."

"మిమ్మల్ని కాదు షబ్బీర్. వేణుగోపాల్ గారూ, పోయిన తుఫాను రోజు సిద్దికా సంగతి చెప్పాను. అది విన్నారా?"

ఎవరూ మాట్లాడలేదు. పాత గుర్రు కూడా లేదు. బాగైన సెట్టు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"సార్..." అన్నాడు వేణుగోపాల్ చివరికి. "మీ గొంతని తెలిసిందండి. మాటలు తెలియలేదు. ఎప్పటిలాగే క్షేమ సమాచారం చెబుతున్నారనుకున్నాను. పెద్దవారు, మళ్ళీ చెప్పమని అడిగితే బాగుండదని..."

బాగుండదని! ఒక పసిగుడ్డు ప్రాణం ఒకవైపు, బాగుండదనే ఆ మాట ఒకవైపు. ఇన్నాళ్ళూ నేను వీళ్ళని వెధవలనుకుని నవ్వుకున్నాను. నవ్వుకుని వదిలేసే రకం కాదు వీళ్ళు.

మస్తాన్‌బీ వచ్చి మైకు కోసం చెయ్యి చాపింది. "ఎక్కడ నొక్కాలమ్మా?" లైసెన్సు లేనివాళ్ళు మాట్లాడకూడదు. ఆ నిబంధనలన్నీ నాకు కంఠతా వచ్చు. ఎక్కడ నొక్కాలో చూపించాను.

"అయ్యా, మస్తాన్‌బీని. చీరాల. మా సిద్దికాకి నొప్పులొస్తన్నాయి. బండి పంపండి."

పానకాలు గారు అదిరిపడ్డారు. "ఏందీ, ఇప్పుడా?"

"ఇప్పుడు కాదు" అంది, మైకు వదలకుండానే. "ఇది ఆ రోజు మాట. వినపడిందా అయ్యా?" నేను ఆమె వేలు పక్కకి తీశాను, జవాబు రావడానికి.

"వినపడిందమ్మా. ఐదు..." అని ఆగిపోయాడు వేణుగోపాల్.

"నాకు లెక్కలొద్దు. నేనేమన్నానో తిరిగి చెప్పు."

అతను చెప్పాడు. "మస్తాన్‌బీ, చీరాల... సిద్దికాకి నొప్పులొస్తున్నాయి. బండి పంపండి."

"అంతే. ఆ రోజు ఈ నాలుగు ముక్కలు తిరిగి చెప్పుంటే, వినపళ్ళేదని ఒక్క మాటన్నా అనుంటే, నేను నా బిడ్డని భుజానేసుకుని నీళ్ళలోనే పోయేదాన్ని" అంది.

మైకు నా చేతిలో పెట్టి మెట్లు దిగింది. పానకాలు గారు ఆమె వెనకాలే గోడ పట్టుకుని దిగుతూ, కారు తీయమని, గాలి లేవకముందే సిద్దికాని ఆసుపత్రిలో చేర్చాలని కింద గుమాస్తాని కేకేస్తున్నారు. నేనొక్కదాన్నే సెట్టు ముందు మిగిలాను. "నా మాట వినపడుతోందా అమ్మా? మస్తాన్‌బీ గారూ, వినపడుతోందా?" అని వేణుగోపాల్ అడుగుతూనే ఉన్నాడు. చాలా స్పష్టంగా వినపడుతోంది. నేను జవాబివ్వలేదు.